కవాయిలో కరివేపాకు గొడవ

హవాయి విమానం ఎక్కేముందు అమ్మకీ నాకూ గొడవైంది. కారణం కరివేపాకు. మొక్కలూ, ఆకులూ, పళ్ళూ ఏమైనా తెస్తున్నారా అని అక్కడికి వెళ్ళే ప్రతివాళ్ళ చేతా ఫారం నింపిస్తారు. అమ్మ బ్యాగు చూస్తే తడిగుడ్డలో చుట్టిన రెండు గుప్పెళ్ళ కరివేపాకు! ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడేశాను. ఊరుకోక నాలుగు మాటలు కూడా అన్నాను. కవాయి దీవిలో దిగేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

మర్నాడు లిమాహులి తోటకి వెళ్ళాం. గైడు ఉండడు. చిన్న పుస్తకం పట్టుకుని, నంబర్లు చూసుకుంటూ ముప్పావు మైలు మనమే నడవాలి. పుస్తకం నా చేతిలోనే ఉంది గానీ మొదట్లో నాకు పనే లేకపోయింది. పాతకాలపు రాతిగట్ల మధ్య మళ్ళు కనబడగానే "చేమ వేశార్రా!" అంది అమ్మ. తర్వాత పసుపు, చెరకు, అరటి. అన్నీ కరెక్టే. ఎన్నో వందల ఏళ్ళ క్రితం పాలినేషియన్లు ఇవన్నీ పడవల్లో వేసుకుని సముద్రం దాటి తెచ్చుకున్నారట, కొత్తచోట తిండికి ఇబ్బంది పడకుండా. (ఇది చదవగానే అమ్మ నావైపు ఓ చూపు చూసింది. అర్థమైంది.) అందరూ హవాయి పువ్వనుకునే దేవగన్నేరు కూడా బయటినుంచి వచ్చిందే. అన్నట్టు మన మల్లెపువ్వుని అక్కడ పికాకే అంటారు, అంటే నెమలి. కైయులాని అనే యువరాణికి రెండూ ఇష్టమని ఆ పేరట!

దారి పైకెక్కాక అమ్మ మాటలు ఆగిపోయాయి. అక్కడివే అసలు స్థానికులు. ఒక్కటీ ఆవిడకి తెలీదు. హవాయి సొంత పూలమొక్కల్లో దాదాపు 90 శాతం ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మేసే జంతువులు లేని దీవులు కాబట్టి చాలావాటికి ముళ్ళ అవసరమే రాలేదు. తర్వాత మనుషులతోపాటు పందులు, ఎలుకలు, మేకలు దిగాయి.

అలులా అనే మొక్క దగ్గర ఆగాం. కర్రకి క్యాబేజీ గుచ్చి నిలబెట్టినట్టుంది. దీని పుప్పొడి మోసే చిమ్మట అంతరించిపోయిందని అంచనా. స్టీవ్ పెర్ల్‌మన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొండచరియల మీద తాళ్ళతో వేలాడుతూ, ఆ చిమ్మట పని తను చేసేవాడు. అయినా అడవిలో ఇప్పుడు లేనట్టే. తోటల్లోనూ, యూరప్ వాళ్ళ ఇళ్ళలో పూలకుండీల్లోనూ మిగిలింది. ప్రొడక్షన్‌లో పోయి బ్యాకప్‌లో ఉన్న డేటా అన్నమాట.

అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది. "పాపం, వచ్చి పలకరించేవాళ్ళే లేకుండా పోయారు" అంది.

నాన్న పోయాక ఊళ్ళో ఆవిడ ఒక్కతే ఉంటోంది. వచ్చే నెలే తిరుగు టికెట్.

"నిన్న అలా అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాను.

"పోన్లే. అయినా ఆకు లేకుండా మూడ్రోజులు చారెలా పెడతాననుకున్నావు?"

తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ చేమమళ్ళ దగ్గర ఆగింది. "ఆకు భలే లేతగా ఉందిరా. రెండు కోసుకుంటే ఏమంటారో?"

నేను పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.