పాత తుపాకీకి కొత్త గొట్టం

తుపాకీ గురించి ఉత్తరాలు రాసుకునే తెలుగు కుటుంబాలు ఎన్ని ఉంటాయో గాని, మాది ఒకటి. సిడ్నీకి దూరంగా ఓ పల్లెలో స్థిరపడ్డ మా బావమరిది, లైసెన్సు తీసుకుని, లిత్‌గో ఫ్యాక్టరీలో తయారైన పాత త్రీ నాట్ త్రీ ఒకటి కొన్నాడు. గొట్టం లోపలి గాడులు అరిగిపోయి, గుండు అట్టకి అడ్డంగా తగులుతోందట. "బావగారూ, కొత్త గొట్టం ఏ తూటాకి వేయించమంటారు?" అని రాశాడు. యాంగోన్‌లో రోగుల్ని చూసుకునే నన్నెందుకు అడగటమంటే, నాకీ పిచ్చి ఉందని వాడికి తెలుసు.

ఈ చిక్కు మొదట సైన్యానికే వచ్చింది. 1888 నాటి లీ-మెట్‌ఫర్డ్ గొట్టంలో గాడులు లోతు తక్కువ. నల్లమందు ఉన్నన్నాళ్ళు బాగానే నడిచింది. కార్డైట్ వచ్చాక ఆ వేడికి గాడులు ఇట్టే అరిగిపోయాయి. అందుకని 1895లో లోతైన ఎన్‌ఫీల్డ్ గాడులు పెట్టారు.

వాడి మనసు 7.62 నాటో తూటా మీద ఉంది. వద్దన్నాను. ఎన్‌ఫీల్డ్ బోల్టుకి పట్టు వెనకవైపు ఉంటుంది. పేలినప్పుడు బాడీ ఓ వెంట్రుకవాసి సాగుతుంది. పైగా 7.62 ఒత్తిడి .303 కన్నా ఎక్కువ. మన ఇషాపూర్ వారు 1960లలో ఇదే తుపాకీని 7.62కి తయారుచేసినప్పుడు ఉక్కునే మార్చారు.

మిగిలింది వైల్డ్‌క్యాట్. ఉన్న తూటా గుల్ల మెడ నొక్కి, సొంతంగా తయారుచేసుకునే తూటాని అలా అంటారు. .303 గుల్ల మెడని .257 అంగుళం గుండుకి సన్నం చేస్తే .303/25. ఆస్ట్రేలియాలో దాని ప్రాచుర్యానికి సరదా ఒక్కటే కారణం కాదు. న్యూ సౌత్ వేల్స్‌లో సైన్యపు తూటా వాడే తుపాకుల మీద ఒకప్పుడు ఆంక్ష ఉండేది. మన దేశంలో .315 స్పోర్టింగ్ రైఫిలు కూడా అలా వచ్చినదే. ఒకే రోగానికి రెండు దేశాల వైద్యం!

అయితే ఒక భయం ఉంది. .303/25 తుపాకీలో మామూలు .303 తూటా ఎక్కదు. .303/25 తూటా మాత్రం త్రీ నాట్ త్రీలో హాయిగా ఎక్కుతుంది, పేలుతుంది, సన్న గుండు గొట్టంలో దొర్లుతూ పోతుంది. రేపు వాడి పిల్లలకి ఈ తేడా ఎవరు చెబుతారు? గ్రూపు రాయని రక్తం సంచిని ఏ నర్సయినా ఫ్రిజ్‌లో పెడుతుందా? గొట్టం మీద తూటా పేరు చెక్కించమని, తూటాల పెట్టెల మీద కూడా రాయమని రాశాను.

ఈ ఊరికి ఉత్తరాన, పెద్దలు ప్రోమ్ అన్న ప్యే రోడ్డూ, పెగూ అన్న బగో రోడ్డూ విడిపోయే చోట, తౌక్యాన్ యుద్ధ శ్మశానం ఉంది. ఆరువేల పైచిలుకు సమాధులు. సమాధి కూడా దక్కని దాదాపు 27 వేలమంది పేర్లు స్తంభాల మీద చెక్కారు. వరసలు వరసలుగా మన సిపాయిల పేర్లే. 1942లో పారిపోతున్నప్పుడూ, 1945లో తిరిగి వచ్చినప్పుడూ వారిలో చాలామంది మోసింది త్రీ నాట్ త్రీ. వాడి తుపాకీ ఇటు వచ్చిందో లేదో నాకు తెలియదు. అయినా కొయ్య కోయించవద్దని, పాత గొట్టం పారేయవద్దని పట్టుబట్టాను.

"మీకు మ్యూజియం కావాలి బావగారూ, నాకు పొలంలో పడే పందుల్ని కొట్టే తుపాకీ కావాలి" అన్నాడు. వాడి మాటా న్యాయమే.

చివరికి .303/25 ఖాయం చేశాడు. కొయ్య అలాగే ఉంచాడు. పాత గొట్టానికి గ్రీజు పూసి, గుడ్డ చుట్టి దాచాడట. కొత్తదాని మీద పేరు చెక్కించావా అని అడిగిన ఉత్తరానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.