కొనుక్కునేవి, వండుకునేవి

బందరు నుంచి వచ్చామంటే చాలు, ఎదుటివాళ్ళ చూపు మన మొహం మీద నిలవదండీ, చేతిసంచీ మీదకి పోతుంది. అందులో లడ్డు ఉందా, హల్వా ఉందా, రెండూ ఉన్నాయా అని. హైదరాబాదులో పెళ్ళికెళ్ళినా ఇదే వరస, బెంగుళూరులో గృహప్రవేశానికెళ్ళినా ఇదే వరస. పైగా పొట్లం విప్పుతూ ఓ అమాయకపు ప్రశ్న: "ఇంట్లో చేసినవేనా పిన్నిగారూ?"

కాదు నాయనా. నేను పుట్టిందీ బందరులోని చిలకలపూడే, మెట్టిందీ చిలకలపూడే. తొక్కుడు లడ్డు ఇంట్లో చేసిన ఇల్లాలిని నేనైతే చూళ్ళేదు. మా అమ్మ చెయ్యలేదు, అత్తగారు చెయ్యలేదు. అరిసెల పాకం కంటిచూపుతో చెప్పగలిగిన మనిషి మా అత్తగారు. ఆవిడ కూడా లడ్డు దగ్గరకొచ్చేసరికి పైటకొంగు ముడి విప్పి డబ్బులిచ్చి పంపేది.

ఎందుకో చెబుతాను. శనగపిండి తడిపి, గొట్టంలో పెట్టి, కాగిన నూనెలోకి పూసలా వత్తుతారు. అక్కడిదాకా మనింటి జంతికలే. కష్టం ఆ తరవాత. వేగిన పూసని రోట్లో పోసి దంచి, పొడి చేసి జల్లిస్తారు. బెల్లం పాకం పట్టి ఆ పొడి అందులో కలుపుతారు. అయిపోయిందనుకుంటున్నారా? మళ్ళీ రోట్లో పొయ్యాలి, నెయ్యి జారవిడుస్తూ మళ్ళీ దంచాలి. పొడీ పాకమూ నెయ్యీ ఏది ఏదో తెలియకుండా ఒకటయ్యేదాకా రోకలి ఆగకూడదు. అప్పుడు ఏలక్కాయ పొడి, జీడిపప్పు వేసి ఉండ కడతారు. నోట్లో వేసుకుంటే పళ్ళకి పనుండదు, వాటి పనంతా ముందే రోకలి చేసేసింది గనక. బూందీ లడ్డు అలా కాదు, పంటి కింద పలుకు తెలియాలి. రెండింటికీ పేరొకటే గానీ స్వభావం వేరు.

ఇంతపని నలుగురున్న ఇంట్లో నాలుగు లడ్ల కోసం ఎవరు చేస్తారండీ? ఇది జబ్బసత్తువ వంట. ఏ పూట చేసినా రోలు నిండాలి, చేసింది చేసినట్టు అమ్ముడవాలి. అందుకే మొదట్నించీ ఇది అంగడి సరుకు. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ బొందిలీలు ఈ మిఠాయి పట్టుకొచ్చారని ఊళ్ళో పెద్దలు చెబుతారు. వచ్చినవాళ్ళు ఎటువాళ్ళైనా, మా బెల్లమూ మా నెయ్యీ తగిలాక అది బందరుదే అయిపోయింది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. తిరుపతి లడ్డుకి 2009లోనే వచ్చింది. ఏం చేస్తాం, ఆయన ఏడుకొండలవాడు, ముందు ఆయనకే ఇవ్వాలి మరి.

హల్వా సంగతీ అంతే. గోధుమలు నానబోసి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలు తేరిన తరవాత అడుగున దిగిన చిక్కదనాన్ని బెల్లంతో పొయ్యిమీద పెట్టి కలుపుతూ కూర్చోవాలి. కూర్చోవడమేమిటి, నిలబడాలి. కాసేపు చెయ్యాపితే అడుగంటుతుంది. నల్లగా నిగనిగలాడి, తిన్న నెయ్యి తిరిగి కక్కేదాకా గంటల తరబడి గరిట తిప్పాలి. ఇంట్లో చేస్తామని మొదలుపెట్టినవాళ్ళు లేకపోలేదు. సగంలో మొగుణ్ణి పిలుస్తారు, ఆయన సగంలో కొడుకుని పిలుస్తాడు, వాడు ఫోనొచ్చిందని వీధిలోకి పోతాడు. ఇంక ఆ హల్వాని చెంచాతో తవ్వుకోవాల్సిందే.

కొనుక్కోవడం మాకు నామోషీ కాదు. మా ఊరు రోల్డ్ గోల్డ్ ఊరు కదా. ఇత్తడిమీదా రాగిమీదా బంగారు పూత వేసి, గాజులూ గొలుసులూ చేసి దేశమంతా పంపిస్తున్న ఊరు. మేలిమి ఎక్కడ పెట్టుకోవాలో, పూత ఎక్కడ సరిపోతుందో చిన్నప్పటినుంచి చూస్తూ పెరిగాం. దానికితోడు 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది బందరులోనే. లెక్కాడాక్యుమెంటూ లేకుండా చెయ్యి కాల్చుకునే రకం కాదు మేం. ఏది కొనుక్కోవాలో, ఏది వండుకోవాలో తెలిసి ఉండడమే వంటింటి పెద్దరికం అని నా మటుకు నేను అనుకుంటాను. ఈమధ్య ఈ లెక్క తలకిందులైంది. జనం కొనాల్సినవాటిని వీడియోలు చూసి వండుతున్నారు, వండాల్సినవాటిని ప్యాకెట్లలో కొంటున్నారు.

వండాల్సినవంటే ఏమిటంటారా? మినుముతో మొదలుపెడతాను. కృష్ణా డెల్టాలో మినుముకి ప్రత్యేకంగా దుక్కి దున్నరు, నీరు పెట్టరు. వరి కోతకి రెండుమూడు రోజుల ముందు, చేలో ఇంకా పదునుండగానే, నిలబడ్డ వరిలోనే మినుములు చల్లేస్తారు. వరి కోసి పనలు తీసేసరికి కింద మొలక లేచి ఉంటుంది. ఆ మిగిలిన పదునుకీ, మంచుకీ పండే పంట అది. ఇప్పుడు కోత మిషన్లు దిగాక ఆ చక్రాల కింద మొలక నలిగిపోతోందని రైతులకి దిగులు. కోత అయ్యాక చల్లుదామంటే పదును ఆరిపోతుంది. ఏదేమైనా, గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా వరి తరవాత మినుము అన్న వరస మాత్రం తప్పలేదు.

అందుకే మా వంటింట్లో అన్నిటికీ మినపప్పే. గారెలు, అట్లు, వడియాలు, సున్నుండలు. సున్నుండ విషయంలో నేను మొహమాటపడను: అంగట్లో కొన్నది సున్నుండ కాదు. మినుములు సన్నసెగ మీద వేగాలి, కమ్మటి వాసన వీధరుగు దాకా రావాలి, అప్పుడు దింపాలి. అమ్మేవాడికి అంత తీరికుండదు, పొయ్యి పెద్దది చేస్తాడు. పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. తిరగలిలో విసిరిన పిండికి కాస్త బరక ఉంటుంది, మరలో ఆడించిందానికి అది ఉండదు, అంగిటికి అతుక్కుంటుంది. ఇక పొట్టుతో విసరాలా, పొట్టు తీసి విసరాలా అన్నది మా ఇంట్లో పాత తగువు. పొట్టుంటే రుచి, తీస్తే అందం. నేను రుచి పక్షం. మా ఆడపడుచు అందం పక్షం. ఆవిడొచ్చినప్పుడు రెండు డబ్బాలు నింపుతాం.

ఆ మినపప్పుతోనే దిబ్బరొట్టె. దీని గురించి కాస్త నిదానంగా చెప్పనివ్వండి. పప్పు నానబెట్టి రుబ్బి, కడిగి పిండిన బియ్యపు నూక కలపాలి. ఇనప మూకుడులో నూనె ధారాళంగా పొయ్యాలి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పిండి మందంగా పోసి, మూతపెట్టి, సెగ తగ్గించి, ఆ సంగతి మర్చిపోవాలి. మాటిమాటికీ మూత తీసి చూసేవాళ్ళకి దిబ్బరొట్టె కుదరదు. పూర్వం మూత మీద కూడా నిప్పులు వేసేవారు, పైనా కిందా ఒకేసారి కాలేట్టు. ఇప్పుడు గ్యాసు పొయ్యి గనక మధ్యలో ఒకసారి తిప్పుకుంటున్నాం. అడుగు ఎర్రగా, గట్టిగా, కరకరలాడుతుంటుంది. లోపల ఇడ్లీకంటే మెత్తగా ఉంటుంది. బెల్లం పానకంలో ముంచుకుంటారో, కొత్త ఆవకాయే నంజుకుంటారో మీ ఇష్టం. కానీ మూకుడు దింపిన పది నిమిషాల్లో తినాలి. పొట్లం కట్టారా, ఆవిరికి ఆ కరకర పోయి తోలులా సాగుతుంది. లడ్డు అమెరికాదాకా ప్రయాణం చేస్తుంది, హల్వా వారాల తరబడి నిలవుంటుంది. దిబ్బరొట్టె మాత్రం వీధి గడప దాటదు.

పప్పు మాటొచ్చింది గనక నీళ్ళ మాట కూడా చెప్పాలి. సముద్రం పక్కన కాపురం, బోరు వేస్తే ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా బద్ద బద్దలాగే ఉంటుంది, ఆ నీళ్ళలోని లవణాలు పప్పుని మెత్తబడనివ్వవు. కాలువ నీళ్ళో చెరువు నీళ్ళో పోస్తే వెన్నలా ఉడుకుతుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యి కృష్ణనీళ్ళు కాలువల్లో ఇటు పారాయి గనక మా పప్పు ఉడికిందని నేనంటే మావారు నవ్వుతారు. నవ్వితే నవ్వారు. కాటన్ దొర వరి పండించాడని అందరూ అంటారు, ముద్దపప్పు గురించి కూడా ఎవరో ఒకరు అనాలి కదా. వేసవిలో కాలువ కట్టేశాక చెరువు నీళ్ళు పప్పుకి విడిగా దాచుకునే ఇళ్ళు ఉండేవి. ఇప్పుడు ఇరవై లీటర్ల డబ్బా నీళ్ళతో పప్పు పెడుతున్నారు, దానికీ ఉడుకుతోంది, కాదనను.

చేపల దగ్గర నేను కాస్త క్లుప్తంగానే మాట్లాడతాను, మొదలుపెడితే తెమలదు. గిలకలదిండి రేవు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలావిడ వీధి చివర కేకేస్తుంది. "అక్కా, మండపీతలున్నాయి, పొద్దుటివి" అంటుంది. పొద్దుటివో నిన్నటివో నేను చూసుకుంటాను, బేరం ఇద్దరికీ సరదా. పీత కాళ్ళు విరుచుకుంటూ, రసం పీల్చుకుంటూ, చేతులు మోచేతుల దాకా చేసుకుని తినే తిండి హోటల్లో బల్ల ముందు కూర్చుని తినేది కాదు. మెత్తళ్ళు మామిడికాయతో పులుసు పెట్టుకుంటే, ఆ పులుసు రాత్రి కన్నా మర్నాటి చద్దన్నంలోకే బాగుంటుంది. ముక్కకి పులుపు ఎక్కడానికి ఆమాత్రం వ్యవధి కావాలి. అంతటితో ఆపేస్తున్నాను.

కార్తీకం వస్తే ఎలాగూ తట్టకి సెలవే చాలా ఇళ్ళలో. 1929లో భక్త నరసింహంగారి పూనికతో వెలసిన పాండురంగడి గుడి మా ఊరికి పండరిపురం. కార్తీకమాసపు ఉత్సవాలకి జనం బళ్ళలోనూ బస్సుల్లోనూ దిగుతారు. పున్నమినాడు మంగినపూడిలో సముద్రస్నానం, ఇక్కడ స్వామి దర్శనం. తిరునాళ్ళలో జీళ్ళు, ఖర్జూరం, మరమరాలు ఎక్కడైనా ఉండేవే. నా కన్ను మాత్రం తేగల మీద. తాటిటెంకలు పాతర వేస్తే మొలిచిన తేగల్ని కుండలో పెట్టి కాలుస్తారు. పైపొర ఒలిచి, నిలువునా చీల్చి, లోపలి చందమామని ముందు పిల్లలకిచ్చి, పీచు తీసుకుంటూ కొరుక్కుతినాలి. ఉపవాసమున్నవాళ్ళు కూడా తేగ విషయంలో ధర్మశాస్త్రం కొంచెం సడలిస్తారు, మా వీధిలోనైతే సడలించారు.

ఇక ఉలవచారు. ఇది తమాషా అయిన కేసు. గుడివాడ ప్రాంతపు ఇళ్ళలో ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టేవారు. గింజలు ఎడ్లకి, కట్టు వంటింటికి. ఆ కట్టుని చింతపండుతో దాలి మీద పెట్టి వదిలేస్తే పిడకల సెగకి మెల్లగా మరిగి మరిగి చిక్కబడేది, పైన ఇంత వెన్న వేసుకునేవారు. ట్రాక్టర్లు వచ్చాయి, కొట్టాలు ఖాళీ అయ్యాయి, ఎడ్లతోపాటు ఉలవకట్టూ పోయింది. గ్లాసుడు చారు కోసం కుండెడు ఉలవలు ఎవరు ఉడకబెడతారు, ఉడికిన గింజలు ఎవరికి పెడతారు? అంచేత అది హోటలుకెక్కింది. ఇప్పుడు ఉలవచారు బిర్యానీ అని కూడా అమ్ముతున్నారు. ఎడ్లు చూస్తే ఏమనుకునేవో. ఇందాక నేను గీసిన గీత ఎప్పటికీ ఒకేచోట ఉండదన్నమాట. ఇంట్లో అనుకున్నది రేపు అంగట్లోకి పోవచ్చు. అరిసెలు సగం పోయాయి. సంక్రాంతికి పక్కింటివాళ్ళు కిలో లెక్కన తెప్పించుకున్నారు. పాకం బాగానే ఉంది, నేనే తిని చూశాను.

వీధి గడప దాటదన్న దిబ్బరొట్టె కూడా గడప దాటుతుందేమోనని ఈమధ్యే అనుమానం వచ్చింది. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి కిందటిసారి వెళ్ళేటప్పుడు లడ్డూ వద్దు, హల్వా వద్దు, ఇనప మూకుడు కావాలంది. అంత బరువు పెట్టెలో పెట్టుకుని పట్టుకుపోయింది. మొన్న ఫోన్లో మొహం వెలిగిపోతూ దిబ్బరొట్టె చూపించింది. మూకుడు ఓవెన్లో పెట్టిందట. పైనుంచీ కిందనుంచీ ఒకేసారి సెగ, మీ అత్తగారి నిప్పుల మూతకంటే నయమే అంది. తిప్పనక్కర్లేదట, మధ్యలో మూత తీసి చూసే పనే లేదట, అద్దంలోంచి కనిపిస్తుందట. నేను నమ్మలేదు. ఫోన్లో రంగు కనిపిస్తుంది గానీ కరకర వినిపించదే అన్నాను. రొట్టె విరిచి ఫోను దగ్గర పెట్టి వినిపించింది. అయినా ఒప్పుకోలేదు. వేసవికి వస్తోంది కదా, ఇక్కడ చేసి పెట్టమన్నాను. మినుములు నావి, ఓవెన్ కొనే ఖర్చు దానిది.