ఎముకల పంచాంగం వేరు

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం చేసిన వైద్యునికి వయోనిర్ధారణ ధ్రువపత్రాలు వ్రాయక తప్పదు. కోర్టు వారు పంపిన కుర్రవాడికి మోచేయి, మణికట్టు, తుంటి ఎక్స్‌రేలు తీయించి, ఎముకల కొనలు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి వయస్సును అంచనా వేస్తాము. ఆ పని కొన్నేళ్లు చేసినవారికి ఒక సంగతి బోధపడుతుంది. శరీరమంతా ఒకే రోజున పెద్దది కాదు. మోచేయి ముందుగా ముగిస్తుంది. మోకాలు, మణికట్టు 18 ఏళ్ల ప్రాంతంలో, తుంటి ఎముక పై అంచు ఇంకొంత ఆలస్యంగా ముగుస్తాయి. రొమ్ము ఎముకను తాకే కాలర్ బోన్ లోపలి కొన మాత్రం 20 దాటిన తరువాతనే కలుస్తుంది.

పాఠక మిత్రులారా, ఈ కాలపట్టికను మనస్సులో ఉంచుకొని, మనకు అంతగా పరిచయం లేని ఐస్ హాకీలో ఒక యువకుడు ఎదిగిన తీరును చూడండి. అతని పేరు కేల్ మకార్. కెనడా దేశంలో ఆల్బెర్టా రాష్ట్రపు క్యాల్గరీ నగరంలో 1998 అక్టోబరు 30న జన్మించాడు.

ఆ ఆటలో గోల్‌కీపరు కాక మంచుమీద ఐదుగురు ఉంటారు. వారిలో ఇద్దరు రక్షకులు. ఎదుటివాడు దూసుకువస్తుంటే అతని ముఖం చూస్తూనే వెనుకకు జారుతూ పోవడం రక్షకుని పని. ఉన్నట్టుండి తుంటిని తిప్పి పక్కకు మళ్లాలి. నల్లని రబ్బరు బిళ్లను చేజిక్కించుకొని, మీద పడబోయేవాడిని తప్పించుకొని, సహచరునికి అందించాలి. ముప్పావు నిమిషం ఇలా ఆడి బెంచీకి వెళ్లి ఊపిరి పీల్చుకొని మళ్లీ రావాలి. గజ్జల కండరాలు, తుంటి కీలు ఇంతగా శ్రమించే ఆటలు తక్కువ. పైగా భుజంతో ఢీకొట్టడం నిబంధనలకు లోబడినదే. ఆల్బెర్టాలో 11, 12 ఏళ్ల పిల్లలకు కూడా దానిని అనుమతించేవారు, క్యూబెక్‌లో అనుమతించేవారు కాదు. 2010లో ఈ రెండు రాష్ట్రాల పిల్లలను పోల్చి చూడగా, ఆల్బెర్టాలో గాయాలు మూడింతలకు పైగా ఉన్నట్లు తేలింది. తరువాత అమెరికా 2011లోను, కెనడా 2013లోను ఆ వయస్సు పిల్లలకు దానిని నిషేధించాయి. మంచి పని చేశారు.

పుట్టిన నెలకు కూడా ఇక్కడ ప్రాముఖ్యం ఉన్నది. కెనడాలో పిల్లలను జనవరి నుండి డిసెంబరు వరకు ఒక జట్టుగా విభజిస్తారు. జనవరిలో పుట్టినవాడికీ అక్టోబరులో పుట్టినవాడికీ పదేళ్ల వయస్సులో ఎంత తేడా ఉంటుందో తల్లులకు చెప్పనక్కరలేదు. పెద్ద స్థాయి జట్లలో సంవత్సరం మొదటి నెలలలో పుట్టినవారే ఎక్కువని రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1985లోనే చూపాడు. ఎంపిక చేసేవారు ప్రతిభ అనుకున్నది చాలాసార్లు కొద్ది నెలల ఎదుగుదల మాత్రమే. ఆ లెక్కన మకార్ వెనుక వరుసవాడు.

2017లో కొలరాడో అవలాంచ్ జట్టు అతనిని నాలుగవ ఎంపికగా తీసుకున్నది. అప్పుడతనికి 18 ఏళ్లు. అతడు వెంటనే వృత్తి ఆటలోకి వెళ్లలేదు. ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అంతకుముందు సీజనులో ఆ జట్టు గెలిచినవి 5, ఓడినవి 29, సమానమైనవి 2. ఇటువంటి చోటికి పోతావా అని మనవాళ్లయితే ఇల్లు పీకి పందిరి వేసేవారు.

వైద్యునిగా నాకు నచ్చినది అక్కడి ఆటల లెక్క. వృత్తి లీగులో అప్పట్లో ఒక సీజనుకు 82 ఆటలు. కళాశాలలో సుమారు 40, అవీ ఎక్కువగా శుక్ర, శనివారాల్లోనే. మిగిలిన రోజులు సాధనకు, వ్యాయామశాలకు, చదువుకు, నిద్రకు దొరుకుతాయి. కండరం బలపడేది బరువు ఎత్తేటప్పుడు కాదు, ఎత్తిన తరువాత విశ్రాంతిలో. వారానికి మూడు నాలుగు ఆటలు ఆడుతూ, విమానాలలో తిరుగుతూ ఉండే కుర్రవాడికి ఆ విశ్రాంతి ఎక్కడిది?

మొదటి ఏడు 34 ఆటలలో అతని గోల్స్, గోల్‌కు దారితీసిన అందింపులు కలిపి 21. రెండవ ఏడూ కళాశాలలోనే ఉండిపోయాడు. ఈసారి 41 ఆటలలో 49. 2019 జనవరిలో నేను మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి మల్లిన్స్ సెంటర్‌లో ఒక ఆట చూశాను. బిళ్ల ఎటు పోతున్నదో నా కళ్లకు అందలేదు గాని, మకార్ రెండు మడమలను ఎదురెదురుగా విప్పి పక్కకు జారిపోవడం మాత్రం కళ్లప్పగించి చూశాను. తుంటి కీలు చుట్టూ ఉన్న కండరాలకు చక్కటి పొందిక లేనిదే అది సాధ్యం కాదు.

ఆ ఏడాది ఏప్రిల్ 12న అమెరికా కళాశాల హాకీలో ఉత్తమ క్రీడాకారునికిచ్చే హోబీ బేకర్ పురస్కారం అందుకున్నాడు. 13న ఫైనల్‌లో అతని జట్టు ఓడింది. 15న డెన్వర్‌లో, తన సొంత ఊరి క్యాల్గరీ జట్టు మీదనే, తొలి వృత్తి ఆట ఆడి గోల్ కొట్టాడు. 2022లో స్టాన్లీ కప్పు, ఉత్తమ రక్షకుని పురస్కారం రెండూ దక్కాయి.

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం నిలబడదు. ఆరన్ ఎక్‌బ్లాడ్ 18 ఏళ్లకే నేరుగా వృత్తి లీగులో ప్రవేశించి, 2015లో ఉత్తమ నూతన క్రీడాకారుడు అనిపించుకున్నాడు. కొందరి శరీరం ముందే సిద్ధమవుతుంది. కాని తమ బిడ్డ ఆ కొందరిలో ఒకడని ప్రతి తండ్రీ నమ్మడమే చిక్కు.

మొన్న మా వీధిలోని ఒకాయన పదిహేనేళ్ల కొడుకును తీసుకువచ్చాడు. కుర్రవాడు ఫాస్ట్ బౌలరు. నడుము నొప్పి. స్కానింగులో నడుము వెన్నుపూసకు సన్నని పగులు కనిపించింది. "డాక్టరు గారూ, వచ్చే నెల సెలక్షన్లు ఉన్నాయండీ, ఇంజెక్షను ఏదైనా ఇస్తే ఆడగలడా?" అని అడిగాడు. ఇంజెక్షను నొప్పిని కప్పుతుంది, పగులును అతికించదు. కనీసం మూడు నెలలు బంతి ముట్టవద్దని చెప్పి, ఎముకల నిపుణుని వద్దకు పంపాను.

మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే, వారానికి వారి వయస్సుకు మించిన గంటలు శిక్షణ ఇప్పించకండి. పద్నాలుగేళ్లవాడికి పద్నాలుగు గంటలు చాలు. వారంలో ఒక రోజైనా పూర్తి సెలవు ఉండాలి. వెనుకకు వంగినప్పుడు నడుములో ఒక పక్క నొప్పి వచ్చి రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పూతమందులతో కాలక్షేపం చేయక వైద్యునికి చూపించండి. మామూలు ఎక్స్‌రేలో ఈ పగులు తొలిదశలో కనబడకపోవచ్చును. ఎమ్మారై అవసరమా అని అడగండి.