చెవి వినపడక ఇంట్లో కూర్చున్న పెద్దలు



మన నెల మీటింగుకు పెద్దవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేస్తున్నారు. మోకాళ్ళ నొప్పులేమో అనుకుంటాం. మా బంధువు ఒక మామ సంగతి అది కాదు. నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఆయనకు మాట అందదు. మళ్ళీ మళ్ళీ "ఏమన్నావు?" అని అడగడానికి సిగ్గు. అందరితోపాటు ఊరికే నవ్వి, చివరికి ఇంట్లోనే ఉండిపోయాడు.

వయసుతో వచ్చే చెముడు మెల్లగా వస్తుంది. ముందు స, ష, ఫ లాంటి సన్నని శబ్దాలు పోతాయి. అందుకే "వినపడుతుంది, కానీ అర్థం కాదు" అంటారు. అరిచి లాభం లేదు. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, నిదానంగా చెప్పాలి.

2024లో లాన్సెట్ నిపుణుల బృందం, మనం జాగ్రత్తపడితే తగ్గించుకోగల డిమెన్షియా కారణాలు 14 చెప్పింది. అందులో చెముడు ఒకటి, ఒంటరితనం ఒకటి. మొదటిది రెండోదాన్ని వెంట తెస్తుంది.

60 దాటినవాళ్ళు ఒకసారి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. కొందరికి గులిమి తీస్తేనే సరిపోతుంది. కళ్ళజోడుకు లేని సిగ్గు చెవి మిషనుకు ఎందుకు?

నాలాగ తమిళ బడిలో చదివినవాళ్ళకు తెలుగు పుస్తకంలో రాలేదు, పెద్దల నోటినుంచి చెవికి వచ్చింది. వాళ్ళు మాట్లాడడం మానేస్తే మన పిల్లలకు ఎవరు ఇస్తారు? వచ్చే మీటింగులో కుర్చీలు గుండ్రంగా వేద్దాం, ఒక్కొక్కరే మాట్లాడదాం. రానివాళ్ళ ఇంటికి వెళ్ళి పిలుచుకొద్దాం.