వదులు పుల్ల

తెనాలిలో సైకిల్ షాపు పెట్టి ముప్పయ్యేళ్ళు. పంచర్లు, తెగిన చైన్లు రోజూ ఉండేవే. నాకు బుద్ధి నేర్పింది మాత్రం పుల్లలు విరిగే ఒక వెనక చక్రం.

ఆ సైకిలు ఒక పాలాయనది. క్యారేజీకి అటొకటి, ఇటొకటి క్యాన్లు కట్టి రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగేవాడు. "బాబాయ్, మళ్ళీ పుల్ల పోయింది" అంటూ పదిరోజులకోసారి వచ్చేవాడు. కొత్తది వేసి, బెండు తీసి పంపేవాణ్ణి. మళ్ళీ పదిరోజులకు దాని పక్కది విరిగేది. పుల్లలు నాసిరకమని అతను, బరువు ఎక్కువని నేను అనుకుంటూ కొన్ని నెలలు గడిపేశాం.

ఒకరోజు విరిగిన పుల్లను ఎండలో పట్టి చూశాను. హబ్బు దగ్గర, మెడ వంపులో తెగింది. తెగిన చోట సగం నల్లగా తుప్పు, సగం తెల్లగా మెరుపు. అంటే చీలిక ఎప్పుడో పడింది, ఆవేళ పూర్తయిందంతే. మిగతా పుల్లలు వేళ్ళతో నొక్కితే మెత్తగా లొంగిపోయాయి. బిగిస్తే తెగుతాయన్న భయంతో వాటిని వదులుగా ఉంచింది నేనే.

నేల వైపు వచ్చినప్పుడల్లా పుల్ల బిగువు కాస్త తగ్గుతుంది, పైకి పోగానే తిరిగి వస్తుంది. 28 అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు తిరుగుతుంది. ఇరవై కిలోమీటర్లకు 9000. ముందే వదులుగా ఉన్న పుల్ల అన్నిసార్లూ పూర్తిగా సడలి, మెడ దగ్గర కదులుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచి తుంచినట్టే.

"నలభై పుల్లలూ మార్చాలి" అన్నాను.

"అంత ఖర్చా బాబాయ్?"

"విరిగినరోజు నీ పాలు ఎవరు పోస్తున్నారు?"

అతను సైకిలు వదిలి వెళ్ళాడు.

ఫ్రీవీల్ విప్పి, పాత పుల్లలన్నీ తీసేశాను. కొత్తవాటి మరకు చుక్క నూనె రాసి, నిప్పిళ్ళు అన్నీ ఒక్కతీరుగా, అరచుట్టు చొప్పున బిగించాను. మెడలు హబ్బుకు ఆనేలా చెక్కముక్కతో తట్టాను. తర్వాత పుల్లల్ని జంటలుగా రెండు చేతులా గట్టిగా పిసికాను. టక్, టక్ మంటూ సర్దుకున్నాయి. మళ్ళీ బెండు చూసి మళ్ళీ బిగించాను. వేలితో మీటితే ఒక వైపు పుల్లలన్నీ ఒకే శ్రుతి పలికేదాకా వదల్లేదు. పదిహేను రోజులకు పిలిచి మరోసారి సరిచూశాను.

ఆ తర్వాత అతను చాలాకాలం పంచరుకే వచ్చాడు.

ఇప్పుడు పుల్ల విరిగిన సైకిలు వస్తే మా కుర్రాళ్ళను పుల్లల డబ్బా ముట్టుకోనివ్వను. ముందు చక్రం ఎత్తి, విరగని పుల్లలను ఒక్కొక్కటే మీటి వినమంటాను.