గోడమీది కాగితము

మేము యానాములో ఒక కార్యాలయమున ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా పనిచేసితిమి. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. శాఖాపరీక్షలో నెగ్గినవారి పేర్లను ప్రతియేట వరండా గోడకు అంటించెడివారు. కాగితము ఒక్కటే; చూచువారి మనస్సులు మాత్రము ఒక్కటి కావు.

మా ప్రక్క బల్లయొద్ద కూర్చుండు మిత్రుడు ఆ కాగితమును చూచిన సాయంకాలమే పుస్తకములు తెరచెడివాడు. రెండుసార్లు తప్పినను మూడవసారి నెగ్గెను. మాకో, అది కంటబడినచో కడుపులో చేయిపెట్టి కెలికినట్లుండెడిది. వెనుక మెట్లమీదుగా ఇంటికి పోయెడివారము. ఒక్కసారియు దరఖాస్తు పెట్టలేదు. సంసారభారమని చెప్పుచుంటిమి. అది సగమే నిజము.

ఇట్టి భేదమును అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు జాన్ అట్కిన్సన్, డేవిడ్ మెక్‌క్లెలాండ్‌లు విశేషముగా పరిశీలించిరి. కొయ్యకు వలయములు విసరు ఆటలో, సాధించవలెనను కోరిక బలముగా గలవాడు తరచుగా నడిమి దూరమున నిలుచును. అచ్చట గెలుపోటములు వాని నేర్పుపైననే ఆధారపడును. ఓటమికి జంకువాడు మిక్కిలి దగ్గరకో, మిక్కిలి దూరమునకో పోవుట కలదు. అంత దూరమునుండి తప్పినచో ఎవరు నిందింతురు? 1964లో మెక్‌క్లెలాండ్ బృందమువారు మా పొరుగు కాకినాడ వర్తకులు కొందరికి హైదరాబాదులో ఈ కోరికను పెంపొందించు శిక్షణ ఇచ్చిరి. ఆ సంగతి 1969లో గ్రంథమై వెలువడినది. కాకినాడ పేరు అట్టి గ్రంథమున ఎక్కినందుకు, మాకేమియు సంబంధము లేకున్నను, కొంత గర్వము.

ఇదంతయు మేము ఎరిగినది ఉద్యోగవిరమణ తరువాత. అప్పటికే చేయవలసిన తప్పు చేసియుంటిమి. కుమారుడు పదవ తరగతిలో నుండగా, వానికి పౌరుషము కలుగునని, అక్కగారి మార్కుల పట్టికను అద్దము ప్రక్కన అంటించితిమి. వరండా కాగితమునకు జడిసి దారి మార్చిన మేమే ఆ పని చేసితిమి! అమ్మాయి దానిని చూచి మరింత చదివెను. అబ్బాయి ఆ అద్దములో తల దువ్వుకొనుట మానెను. పిమ్మట అన్నిటికంటె కష్టమైన పోటీపరీక్షకు పేరు నమోదు చేయించుకొని, పుస్తకము ముట్టకయే వ్రాసి వచ్చెను. ఆనాడు వానిని సోమరివని తిట్టితిమి. అది దూరమునుండి విసరిన వలయమని అప్పుడు తెలియలేదు.

మొన్న సంక్రాంతికి వాడు వచ్చినపుడు, మేమే సంకోచించుచు ఆ కాగితము మాట ఎత్తితిమి.

"జ్ఞాపకమున్నది నాన్నగారూ, బంక మరక ఇంకను పోలేదు" అనెను.

లేచి వెళ్లి చూచితిమి. పోలేదు.