బోరుబావి దగ్గర కలనగణితం

ఇంటర్ పిల్లాణ్ణి నిద్రలో లేపి అడిగినా ఎక్స్ స్క్వేర్‌కు అవకలజం టూ ఎక్స్ అంటాడు. అంటే ఏమిట్రా అంటే నోరు పెగలదు. సూత్రం ముందే చెప్పేసే మన అలవాటే చెరుపు, నా మటుకు. రాయదుర్గం లాంటి చోట ఈ పాఠానికి బోర్డు కంటే బోరుబావి మేలు. నీటిమట్టం ఎంత లోతున ఉందన్నది ఒక లెక్క. ఈ క్షణాన ఎంత వేగంగా దిగిపోతోందన్నది ఇంకో లెక్క. రైతు గుబులంతా రెండోదే. అవకలజమూ అదే. ఆ వేగం పట్టాలంటే రోజు సగటును గంటకు, నిమిషానికి కుదించుకుంటూ పోవాలి. ఎక్స్ స్క్వేర్‌లో 3 నుంచి 3.1కి సగటు రేటు 6.1, 3.01కి 6.01, చేరేది 6కి. ఈ ఆలోచన మనకు కొత్తదేం కాదు, భాస్కరాచార్యుడు 1150లోనే గ్రహాల తాత్కాలిక గతి, అంటే ఆ క్షణపు వేగం గురించి రాశాడు. మళ్లీ బావి దగ్గరికొస్తే, వాన వెలిశాక కూడా మట్టం కొన్నాళ్లు పెరుగుతుంది, పెరిగే వేగం మాత్రం తగ్గుతూ వస్తుంది. అది సున్నా అయిన రోజే మట్టం గరిష్ఠం. గరిష్ఠ, కనిష్ఠాల పాఠం అక్కడే ఎత్తుకోవచ్చు.